ఎండ మనది.. కొలువు ఎవరిది?

మంచు పడకపోతే స్కీ రిసార్టులకు గిరాకీ ఉండదు. అందుకే 2013లో అమెరికాలో వందకు పైగా స్కీ రిసార్టులు వాతావరణ మార్పులపై గట్టి విధానాలు తేవాలంటూ అక్కడి ప్రభుత్వాన్ని కోరుతూ సంతకాలు చేశాయి. వాళ్లకు మంచు ఎంతో, తనకల్లు వేరుశనగ రైతుకు వాన అంత. తేడా ఒక్కటే. వాన మొహం చాటేసినా ఎండ మనల్ని వదలదు!

ఆ ఎండతోనే మన కదిరి నియోజకవర్గంలోని నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 2016లోనే 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టింది. అయితే ‘ఇంకేం, పక్కనే జాబ్’ అనుకోవద్దు. ప్లాంటు కట్టేటప్పుడే ఎక్కువమందికి పని. తర్వాత ఇన్వర్టర్లు, స్కాడా తెలిసిన కొద్దిమంది చాలు.

మిద్దెల మీద చూడండి

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. 3 కిలోవాట్లకు కేంద్రం రాయితీ రూ.78 వేలు. ప్యానెళ్లు బిగించాలన్నా, రిపేరు చేయాలన్నా దగ్గర్లో మనిషి ఉండాల్సిందే.

ఏం నేర్చుకోవాలి?

* ఐటీఐ, డిప్లొమా: సూర్యమిత్ర శిక్షణ.
* ఈఈఈ: పీవీసిస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాంటు డిజైన్.
* సివిల్, మెకానికల్: ప్యానెళ్లను మోసే స్ట్రక్చర్ల డిజైన్.
* సీఎస్ఈ: పైథాన్‌తో ప్లాంటు డేటా విశ్లేషణ.

2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర స్వచ్ఛ ఇంధన విధానం 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమంటోంది. అందులో మన వాటా దానంతటదే రాదు. స్కీ రిసార్టులు అడిగినట్టే మనమూ అడగాలి: దగ్గర్లో శిక్షణ కేంద్రం, స్థానికులకు అప్రెంటిస్‌షిప్. అడిగేలోపు పని నేర్చుకుని ఉండాలి.