పన్ను తప్పినా స్టార్టవుతుంది... అక్కడే అసలు చిక్కు!

తిరుత్తంగల్‌ (విరుదునగర్‌ జిల్లా): ఎన్నో తెలుగిళ్ల గోడల మీది దేవుళ్ల క్యాలెండర్లు అచ్చయ్యేది శివకాశిలో. దాన్ని ఆనుకునే ఉంటుంది తిరుత్తంగల్‌. 2021లో రెండూ కలిసి ఒకే కార్పొరేషన్‌ అయ్యాయి. అచ్చుపని తెలిసిన ఈ నేల మీద గుర్తుల విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. నాలుగు రంగులూ ఒకే గుర్తు మీద పడాలి. వెంట్రుకవాసి జరిగినా వెంకన్న నామం చెదిరిపోతుంది.

పాత అంబాసిడర్‌ ఇంజిన్‌ విప్పి బిగించే మేస్త్రీకీ ఇదే సూత్రం. అక్కడ గుర్తులు రెండే. తప్పాయో... వేలు పోసి చేయించిన పని బూడిదలో పోసిన పన్నీరే!

ఇంజిన్‌కు ఊపిరి లెక్క

1957లో మొదలైన అంబాసిడర్‌ తయారీ 2014లో ఆగిపోయింది. తండ్రి నడిపిన బండి అని అమ్ముకోలేక, బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించి నిలబెట్టుకునే వాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. కోవిల్‌పట్టి, విరుదునగర్‌ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. షెడ్డుకొస్తే ఏ భాషవాళ్లకైనా ‘టాపు’, ‘టైమింగు’ అనే మాటలు ఒకటే.

పెట్రోలు గాలి లోపలికి రావాలన్నా, పొగ బయటికి పోవాలన్నా వాల్వులు వేళకు తెరుచుకోవాలి. ఆ పని చేయించేది కామ్‌షాఫ్ట్‌. క్రాంక్‌ రెండు చుట్లు తిరిగితే కామ్‌ తిరిగేది ఒక్క చుట్టే. అందుకే క్రాంక్‌ చక్రం కంటే కామ్‌ చక్రానికి పళ్లు రెట్టింపు. రెంటినీ కలిపేది టైమింగ్‌ చైను.

గుర్తుకు గుర్తు ఎదురుగా

1489 సీసీ అంబాసిడర్‌ ఇంజిన్‌లో రెండు చక్రాల మీదా చిన్న చుక్కలుంటాయి. ముందుగా ఒకటో పిస్టన్‌ను టాపుకు తెస్తారు. చైనును చక్రాలకు చుట్టి, చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా చూసి, రెండు చక్రాలనూ చైనుతో సహా ఒకేసారి ఎక్కిస్తారు. పక్క నుంచి చూస్తే కన్ను మోసం చేస్తుంది. అందుకే రెండు షాఫ్టుల నడిమధ్యల మీదుగా స్కేలు పెట్టి, చుక్కలు ఆ గీత మీదే ఉన్నాయో లేదో చూస్తారు.

ఒక్క పన్నే కదా అనుకుంటే పొరపాటు. కామ్‌ చక్రానికి 40 పళ్లుంటే ఒక పన్ను 9 డిగ్రీలు. క్రాంక్‌ లెక్కలో అది 18 డిగ్రీలు!

అయినా ఇంజిన్‌ స్టార్టయిపోవచ్చు. మోసపోయేది అక్కడే. ఐడిల్‌ నిలవదు, వేడెక్కుతుంది, ఘాట్‌ ఎక్కమంటే మూలుగుతుంది. తప్పు కార్బొరేటర్‌దని, పాయింట్లదని, ప్లగ్గులదని రోజులు గడుస్తాయి. చివరికి రేడియేటరు, పుల్లీ, మూత మళ్లీ విప్పాల్సిందే. పిస్టన్‌కు, వాల్వుకు మధ్య ఖాళీ తక్కువున్న ఇంజిన్లలోనైతే వాల్వు వంగిపోయే ప్రమాదమూ ఉంది. పాత బండికి విడిభాగం దొరకడమే గగనం.

రెండు చుట్ల పరీక్ష

మందు ఒక్కటే. మూత పెట్టకముందే ప్లగ్గులు తీసేసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. చుక్కలు మళ్లీ ఎదురెదురుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్లుంటే బలవంతంగా తిప్పకుండా ఆగి చూడాలి.

డిస్ట్రిబ్యూటర్‌ దగ్గర ఇంకో గండం. నాలుగు స్ట్రోకుల్లో ఒకటో పిస్టన్‌ రెండుసార్లు టాపుకొస్తుంది. స్పార్క్‌ కావాల్సింది గాలి నొక్కుకున్నప్పుడే. ఈ ఇంజిన్‌ మండే వరస 1-3-4-2. కాబట్టి నాలుగో సిలిండర్‌లో ఒక వాల్వు మూసుకుంటూ రెండోది తెరుచుకుంటుంటే, ఒకటోది మండే టాపులో ఉన్నట్లు లెక్క.

చేత్తో తిప్పి చూడటానికి పట్టేది పది నిమిషాలు. అది వదిలేస్తే పోయేది పది రోజులు. అందుకే పని తెలిసిన మేస్త్రీ మూత చేతికందిస్తున్న కుర్రాణ్ని ఆపుతాడు... ‘ఇంకో రెండు రౌండ్లు తిప్పరా తంబీ’ అని.