హాస్య వంత లేని ఆరోగ్య నాటిక

ఏ బడి వార్షికోత్సవానికి వెళ్ళినా ఆరోగ్య నాటిక ఒకటి తప్పదు. అట్టముక్క క్యారెట్ తగిలించుకున్న పాప, పాలకూర వేషంలో బాబు వచ్చి 'మమ్మల్ని తినండి' అంటారు. చప్పట్లయ్యాక ఆ క్యారెట్టే గేటు దగ్గర చిప్స్ పొట్లం కొంటుంది. చేదుమాత్రకు బెల్లం పూసినట్టు, నీతికి నాటకం పూస్తే చాలనుకుంటారు పెద్దలు.

బెల్లం వండే చోడవరం వాళ్ళకి ఆ బెల్లం సంగతి వేరే చెప్పాలా! చెరకురసం పెనంలో మరిగేకొద్దీ తెట్టు పైకి తేలుతుంది. అది తీస్తేగాని పాకం తేటపడదు. పిల్లల పేచీలూ అంతే, ముందు పైకి తేలాలి. తెట్టు తీసే గరిటె మన బుర్రకథలో ఉండనే ఉంది: కథకుడి పక్కన నిలబడి ఎదురుప్రశ్నలతో నవ్వించే హాస్య వంత. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ బెంగాల్ కరవునే బుర్రకథగా చెప్పారు. ఆకలిని చెప్పిన కథ అంబలిని చెప్పలేదా?

అలాంటి కథలో, అంబలి కాచే చోళ్ళలో (రాగుల్లో) పాలకన్నా సున్నం ఎక్కువంటాడు కథకుడు. నిజమే, 100 గ్రాముల్లో 340 మి.గ్రా. పైనే కాల్షియం ఉంటుంది, పాలలో 120. "సున్నమైతే గోడకెయ్యక గొంతులో పోసుకోడమేటి?" అంటాడు హాస్య వంత. ప్రతి పిల్లాడూ అడగాలనుకుని ఊరుకున్న ప్రశ్న అది.

తిండితోపాటు పిల్లలకి రోజుకి 60 నిమిషాల వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల మాస్టారు లాగేసుకునే బళ్ళలో ఆ గంట ఎక్కడిది? నన్నడిగితే తప్పెటగుళ్ళు నేర్పమంటాను. గుండెల మీద తప్పెట, కాళ్ళకి గజ్జెలు, ఆపకుండా గెంతులు. పది నిమిషాలకే చొక్కా తడిసిపోతుంది.

ఇక కూల్‌డ్రింకు. ఇక్కడ తొందరపడకూడదు. 250 మి.లీ. సీసా, పక్కన గ్లాసుడు నీళ్ళు, పంచదార డబ్బా, చెంచా. వంత ఒక్కో చెంచా గ్లాసులో వేస్తుంటే పిల్లలంతా లెక్కపెట్టాలి. ఒకటి, తందాన తాన. రెండు, తందాన తాన. మూడు దగ్గర వంత డబ్బా మూసేయబోవాలి, కథకుడు చెయ్యి పట్టుకోవాలి. నాలుగు. ఐదు. ఆరు. సీసాలో ఉన్నది సుమారు 25 గ్రాములు. ఆ గ్లాసు తాగేవాళ్ళు రమ్మని పిలవాలి. చార్టు మీది అంకె చూసి మరచిపోతారు; తమ నోటితో పెట్టిన లెక్కని అంత తేలిగ్గా కాదనలేరు.

అప్పుడు హాస్య వంత ఛాతీ విరుచుకుని, "అది పంచదార. మాది బెల్లం, ఎంత తిన్నా పర్లేదు!" అనాలి. బెల్లంలోనూ చాలాభాగం ఆ చక్కెరే, ఖనిజాలు ఏ కొంచెమో అనాలి కథకుడు. చోడవరంలో నిలబడి ఆ మాట అనాల్సిన కథకుడికి మాత్రం గుండెధైర్యం కావాలి.