కుంచె పక్కనబెట్టి ఇల్లు తీర్చిన ఇల్లాలు

స్వీడన్ దేశపు నడిమి భాగంలో దలార్నా అనే సీమ ఉంది. అక్కడి ఫాలూన్ పట్టణానికి చేరువలో, ఒక ఏటి ఒడ్డున, సుండ్‌బోర్న్ అనే పల్లె. ఆ పల్లెలోని పాత కొయ్య ఇంటిని 1888లో అడాల్ఫ్ బెర్గూ అనే వ్యాపారి తన కూతురికీ అల్లుడికీ కానుకగా ఇచ్చాడు. ఇచ్చేనాటికి అది ప్రత్యేకంగా చెప్పుకోదగిన ఇల్లేమీ కాదు. గదులు చిన్నవి, పైకప్పులు పొట్టివి. అటువంటి ఇంటిని చూడడానికి నేడు దేశదేశాలవారు వేల సంఖ్యలో వస్తున్నారు.

అల్లుడు కార్ల్ లార్సన్ చిత్రకారుడు. 1853లో స్టాక్‌హోమ్ పాతబస్తీలో కటిక పేదరికంలో పుట్టినవాడు. తల్లి నలుగురి బట్టలు ఉతికి పిల్లలను సాకింది. కూతురు కారిన్ కలిగిన ఇంటి బిడ్డ. ఆమె కూడా చిత్రకారిణే. స్టాక్‌హోమ్‌లోని రాజకీయ లలితకళా విద్యాలయంలో అయిదేళ్లు చదివి, పై అభ్యాసానికి ఫ్రాన్సు వెళ్లింది. గ్రే అనే పల్లెలో స్కాండినేవియా కళాకారులు కొందరు కాపురమున్నారు. కార్ల్ అక్కడే పరిచయమయ్యాడు. 1883లో పెళ్లి జరిగింది. తొలి బిడ్డ పుట్టిన తరువాత కారిన్ బొమ్మలు వేయడం దాదాపు మానివేసింది. ఒకే ఇంట ఇద్దరు చిత్రకారులుంటే కుంచె ఎవరి చేతిలో మిగలాలన్న ప్రశ్నకు ఆ కాలంలో ఒకే ఒక్క జవాబు ఉండేది. వారికి మొత్తం ఎనిమిది మంది సంతానం.

ఆనాటి ఐరోపాలో కలిగినవారి ఇళ్లు పట్టపగలు కూడా మసకగా ఉండేవి. నల్లగా మెరుగుపెట్టిన బరువైన బీరువాలు, మఖమలు తొడిగిన సోఫాలు, వెలుతురును గుమ్మంలోనే ఆపివేసే దళసరి తెరలు! ఇంటి యజమాని హోదాను ఆ బరువే చాటేది. లార్సన్ దంపతులు ఈ ఆనవాయితీకి పూర్తిగా నీళ్లు వదిలారు. కొత్త సామాను కొనే స్తోమత మొదట్లో వారికి లేకపోవడం కూడా ఒక విధంగా మేలే చేసిందనాలి. ఫ్యాషను పోయిందని జనం వదిలించుకునే పాత కుర్చీలను, బల్లలను తెచ్చుకుని రంగులు వేసుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు సన్నకాళ్ల కుర్చీలకు తెల్లరంగు పూసి, చారల గుడ్డతో గలీబులు కుట్టి తొడిగితే అవి మళ్లీ పడుచువైపోయాయి. గలీబు మాసిపోతే విప్పి ఉతుక్కోవచ్చు. పిల్లలున్న ఇంటికి ఇంతకన్న కావలసిందేమిటి?

ఆ భోజనాల గదిని చూడాలి. గోడలకు బిగించిన కొయ్య పలకల మీద ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కనే నిలుస్తాయి. ఇవి ఒకదానినొకటి రెచ్చగొట్టే రంగులన్న సంగతి చిత్రకళ అభ్యసించినవారందరికీ తెలిసినదే. పటం మీద వాటిని కలిపి వాడడం ఒక ఎత్తు, రోజూ కూర్చుని అన్నం తినే గదిలో వాడడం మరో ఎత్తు. అక్కడివారికి ఎరుపు కొత్తదేమీ కాదు. ఫాలూన్‌లోని రాగి గని నుంచి వచ్చే వ్యర్థపు మట్టితో తయారయ్యే ఎర్రరంగును శతాబ్దాలుగా పల్లెవాసులు తమ కొయ్య ఇళ్లకు బయట పూసుకుంటున్నారు. ఆ గని 1992లో మూతపడినా రంగు మాత్రం నిలిచింది. లార్సన్ దంపతులు చేసిందల్లా, వీధివైపు ఉండే ఎరుపును ఇంటి నడుమకు పిలవడమే. ఆ ధైర్యానికి కారణం వాతావరణంలోనూ ఉంది. డిసెంబరులో అక్కడ పగలు సుమారు ఆరు గంటలే. మిగిలిన పొద్దంతా దీపపు వెలుగే. ఆ పసుపు వెలుగులో ఎర్ర గది నెగడు దగ్గర కూర్చున్నంత వెచ్చగా ఉంటుంది.

పగటిపూట కూర్చునే గదికి వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ తెలుపు, లేత నీలం. కిటికీలకు దళసరి తెరలు లేవు, గూటిలో పూలకుండీలు. ఉన్న కొద్దిపాటి ఎండను ఒక్క చుక్క కూడా పోనివ్వకుండా లోపలికి రప్పించుకోవాలన్నదే అక్కడి సూత్రం. కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసి ముచ్చటపడి, రోహిణికార్తె ఎండలు కాసే మన ఊళ్లలో గోడలన్నిటికీ తళతళలాడే తెలుపు పూయించి, తెరలు తీసివేసేవారు కళ్లు మూసుకుని కూర్చోవలసి వస్తుంది. అరువు తెచ్చుకోవలసింది రంగును కాదు, వెలుతురును లెక్కగట్టిన ఆ పద్ధతిని.

కుంచె విడిచినా కారిన్ చేయి ఊరుకోలేదు. మగ్గం పెట్టించుకుని నేసింది, సూదితో కుట్టింది, బల్లలకూ కుర్చీలకూ నమూనాలు గీసింది. పిల్లలకు, తనకు కూడా నడుము బిగించని వదులు గౌన్లు కుట్టుకుంది. ఆమె నేసిన గుడ్డల మీద ఆనాటి వాడుక ప్రకారం లతలు, గులాబీలు అచ్చు దిగినట్టు ఉండవు. పువ్వు ఒక గీతగా, ఆకు ఒక రంగు ముక్కగా మిగులుతుంది. ఆమె గీసి ఇచ్చిన ఊగుడు కుర్చీ నమూనా ఊరి వడ్రంగికి ఎంత విడ్డూరంగా తోచిందంటే, దానిని తన చేతిపని అని నలుగురూ చూస్తే పరువు పోతుందని చీకటి పడ్డాక తెచ్చి అప్పగించాడని కథగా చెప్పుకుంటారు. నగిషీ అన్నది లేకుండా తిన్నని కర్రలతో అమర్చిన కుర్చీ అది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ప్రపంచమంతటా ఆధునికమని మెచ్చుకున్న రూపానికి అది ఎంతో దగ్గర.

ఇంతటి ఇల్లు బయటి ప్రపంచానికి తెలియడానికి కారణం ఒక ముసురు. 1894 వేసవిలో వానలు ఎడతెగక కురిశాయి. ఆరుబయట బొమ్మలు వేయడం కుదరక విసిగిపోతున్న భర్తతో, ఇంటిలోని గదులనే వేయవచ్చు కదా అని కారిన్ సలహా ఇచ్చింది. ఆ నీటిరంగుల చిత్రాలలో ఇరవై నాలుగింటిని కూర్చి 1899లో ‘ఒక ఇల్లు’ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వేశారు. 1909లో జర్మనీలో అటువంటిదే మరొకటి చౌక ధరకు వెలువడి, మూడు నెలలలో 40,000 ప్రతులు అమ్ముడుపోయింది. కార్ల్ తన జీవితకాలపు మహాకృతిగా భావించిన భారీ చిత్రం ‘నడిచలి బలి’ని స్టాక్‌హోమ్ జాతీయ చిత్రశాల తిరస్కరించింది, అతడు మరణించిన చాలా కాలానికి, 1997లో గాని దానిని కొనలేదు. పిల్లలు, కుర్చీలు, పూలకుండీలు ఉన్న చిన్న బొమ్మలే అతడికి లోకమంతటా పేరు తెచ్చాయి.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని మన సామెత. సుండ్‌బోర్న్ ఇంటి విషయంలో లోకం ఇంటిని చూసింది, ఇంటిని బొమ్మ వేసినవాడిని చూసింది. ఆ బొమ్మలలో కనిపించే దుప్పటి ఎవరు నేశారు, ఆ బల్ల ఎవరి ఊహ అని అడిగినవారు అరుదు. అడగనందుకు పాఠకులను తప్పుపట్టలేము. బొమ్మ మూల కార్ల్ సంతకం ఉంటుంది; మగ్గం మీద నేసిన గుడ్డను జనం కళాఖండమని అనుకోరు.

కార్ల్ 1919లో, కారిన్ 1928లో మరణించారు. ఆ ఇల్లు నేటికీ వారి వారసుల చేతిలోనే ఉంది. తలుపుల మీద కార్ల్ వేసిన పిల్లల రూపాలు, పాత చిత్రశాల గదిలో కారిన్ మగ్గం సందర్శకులకు చూపిస్తారు. 1997లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంవారు ఈ ఇంటిని గురించి పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేశారు. స్వీడన్ గృహశైలికి రూపం ఇచ్చినవారుగా దాని పేరులో కార్ల్ పక్కన కారిన్ పేరు కూడా ఉంది. అప్పటికి ఆమె పోయి అరవై తొమ్మిదేళ్లు.