నీడలో చారల ఆకుల మొక్కలు: చార నిలిస్తేనే ధర

కొబ్బరి తోట ఉన్న రైతుకు చెట్ల కింద నేలను ఏం చేయాలన్నది ఎప్పుడూ ఉన్న ప్రశ్నే. అరటి వేయాలా, కంద వేయాలా, కోకో పెట్టాలా అని ఆలోచిస్తుండగానే ఏళ్లు గడిచిపోతాయి. అరెకరం, ఎకరం ఉన్నవారికి ఆ నేల ఖాళీగా పడి ఉండటం మరీ నష్టం. అలాంటి చోట రెండు మూడు సెంట్లలో మొదలుపెట్టదగ్గవి పొట్టిగా, గుబురుగా పెరిగే చారల ఆకుల మొక్కలు. వీటిని పూల కోసమో, కాయల కోసమో పెంచరు. ఆకే పంట. పట్నాల్లో ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ కుండీల్లో పెట్టుకునేవి ఇవే. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల మీదుగా వెళ్లినవారు నీడ పందిళ్ల కింద వీటిని వరసలుగా చూసే ఉంటారు.

అయితే నీడలో ఏదో ఒకటి పెరుగుతుందిలే అనుకుని దిగితే మాత్రం చేతులు కాలతాయి. కొనేవాడు చార చూసి కొంటాడు. చార పోయిందంటే అది మామూలు పచ్చ మొక్క, దానికి ఆ ధర రాదు. కాబట్టి మొక్కను బతికించడం ఒక పని, చారను నిలపడం ఇంకో పని. రెండోదే అసలు పని.

చార ఎలా వస్తుంది?

ఆకులో పచ్చటి భాగమే ఎండను పట్టి మొక్కకు ఆహారం తయారుచేస్తుంది. తెల్లగా, పసుపుగా కనిపించే భాగంలో ఆ పచ్చదనం ఉండదు, లేదా తక్కువగా ఉంటుంది. అంటే చారల మొక్క సగం పొయ్యిలతో వంట చేస్తున్నట్టే. అందుకే పచ్చ మొక్క కంటే నెమ్మదిగా పెరుగుతుంది. చాలా రకాల్లో చీకటి ఎక్కువైతే కొత్త ఆకులు పచ్చబడతాయి. ఎండ ఎక్కువైతే ముందు మాడేది తెల్ల భాగమే.

ఒక్కోసారి కుదురులో పూర్తి పచ్చ పిలక లేస్తుంది. పాపం బాగా పెరుగుతోంది కదా అని వదలకండి. అది బలంగా ఎదిగి చారల పిలకలను మింగేస్తుంది. కనిపించిన రోజే మొదలంటా తీసేయాలి. పూర్తిగా తెల్లగా వచ్చే పిలక కూడా ఎక్కువ కాలం నిలవదు.

ఎంత నీడ కావాలి?

కొబ్బరి తోటలో సుమారు 8 ఏళ్ల నుంచి 25 ఏళ్ల దాకా నీడ దట్టంగా ఉంటుంది. ఆ వయసు దాటిన తోటలో వెలుతురు మళ్లీ కిందికి దిగుతుంది. ఈ మొక్కలకు ముదురు తోటే అనువు. లేత తోటలోనైతే 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ గానీ, పలచటి తాటాకు పందిరి గానీ వేసుకోవాలి.

నీడ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మిట్ట మధ్యాహ్నం మొక్కల మీద జానెడు ఎత్తున అరచెయ్యి చాపండి. చేతి నీడ అంచులు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ. నీడే కనిపించకపోతే చీకటి ఎక్కువ. మసకగా, అంచులు కలిసిపోయినట్టు పడితే సరిగ్గా ఉన్నట్టు. ఈ పరీక్ష వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేయాలి. సూర్యుడి దారి మారితే నీడ కూడా జరుగుతుంది.

నేలలో నాటకుండా పాలిథిన్ సంచుల్లో పెంచడం మేలు. కొబ్బరి వేళ్లు తెగవు, ఎండ మారినప్పుడు సంచులు జరుపుకోవచ్చు, అమ్మేటప్పుడూ సులువు. కొబ్బరి మొదలు చుట్టూ 2 మీటర్ల పాదును వదిలేసి, నాలుగు చెట్ల నడుమ సంచులు పేర్చాలి. మొదలు దగ్గర పెడితే రాలిన కాయ, పడిన మట్ట ఒక్క దెబ్బకు పది మొక్కలు పోగొడతాయి.

ఏ మొక్కలు?

కొత్తవారు గట్టి రకాలతో మొదలుపెట్టాలి. స్నేక్ ప్లాంట్‌లో గోల్డెన్ హానీ అనే పొట్టి రకం గిన్నెలా గుండ్రంగా, జానెడు ఎత్తులో ఉంటుంది. నీరు తక్కువైనా తట్టుకుంటుంది. స్పైడర్ ప్లాంట్ గడ్డి దుబ్బులా పెరిగి, తీగల చివర పిల్ల మొక్కలు వేస్తుంది. సింగోనియం, మనీ ప్లాంట్ కణుపు ముక్కలతో వస్తాయి. ఇవి చేతికి అలవాటయ్యాకే అగ్లోనిమా జోలికి వెళ్లండి. దానికి ధర ఎక్కువ, కుళ్లు భయమూ ఎక్కువే.

ముక్క కాదు, పిలక తీయాలి

చాలామంది ఇక్కడే నష్టపోతారు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి ఇసుకలో గుచ్చితే వేళ్లు పోసుకుంటుంది, పిలకలూ వేస్తుంది. కానీ ఆ పిలకలు పచ్చగా వస్తాయి, పసుపు అంచు ఉండదు. అంచులోని పొర గుణం వేరు, లోపలి పొర గుణం వేరు. ముక్క నుంచి పుట్టే పిలకకు ఆ రెండు పొరలూ కలిసి రావు. అందుకని తల్లి కుదురును విడదీసి, వేళ్లున్న పిలకలనే నాటాలి. ఆలస్యమవుతుంది, కానీ చార తప్పదు.

మనీ ప్లాంట్, సింగోనియం తీగల్లో చార బాగా ఉన్న ఆకుల దగ్గరి కణుపులే కోయాలి. పచ్చబడిన తీగ నుంచి ముక్క తీస్తే పచ్చ మొక్కే వస్తుంది. బాగా చారలున్న కుదుళ్లను తల్లి మొక్కలుగా విడిగా ఉంచుకోండి. ఎంత ధర పలికినా వాటిని అమ్మకండి.

మట్టి, నీరు, ఎరువు

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి సంచులు నింపాలి. నల్లమట్టి ఒక్కటే వాడితే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. సంచి అడుగున చిల్లులుండాలి. వానాకాలంలో సంచులను కంకర మీదో, ఇటుకల మీదో ఎత్తున పెట్టాలి.

రోజూ నీళ్లు పోయాలన్న నియమం లేదు. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, పైన అంగుళం లోతు ఆరితేనే పోయాలి. ఉప్పునీరు పోస్తే ఆకు కొసలు మాడతాయి. ముఖ్యంగా స్పైడర్ ప్లాంట్‌కు ఇది పడదు. డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బోరు నీరే దిక్కయితే, ఆ నీరు ఎలా ఉందో పరీక్ష చేయించుకున్నాకే మొక్కలు పెంచండి.

యూరియా గుప్పించకండి. ఆకులు సాగిపోయి, మెత్తబడి కుళ్లు తగులుతుంది. పొట్టి మొక్కకు పొట్టితనమే అందం కదా! నెలకోసారి 19-19-19 ఎరువును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి పోస్తే చాలు.

పురుగులు, తెగుళ్లు

ఆకు మొదళ్లలో దూది పింజల్లా కనిపించేది పిండినల్లి. తొలిదశలో సబ్బు నీటితో కడిగేయాలి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కాస్త సబ్బు కలిపి ఆకుల అడుగున కూడా తడిసేలా సాయంత్రం పిచికారీ చేయాలి. నత్తలకు తడి గోనె పట్టా పరిచి, తెల్లవారి కిందికి చేరినవాటిని ఏరేయాలి. మొదలు మెత్తబడి వాసన వస్తే ఆ మొక్కను సంచితో సహా దూరంగా పారేయడమే మందు. పక్కనున్న సంచుల్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

అగ్లోనిమా, సింగోనియం, మనీ ప్లాంట్ ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. పసిపిల్లలను, మేకలను దగ్గరికి రానివ్వకండి. ముక్కలు కోశాక చేతులు కడుక్కోకుండా కళ్లు తుడుచుకోవద్దు.

బొమ్మ చూసి మోసపోవద్దు

హోస్టా అనే చలిదేశపు మొక్క బొమ్మలు ఫోన్లలో తెగ కనిపిస్తాయి. తెల్ల అంచులతో, గుబురుగా చాలా అందంగా ఉంటుంది. జపాన్, కొరియా, చైనా ప్రాంతాలది. చలికాలంలో ఆకు పూర్తిగా రాల్చి, వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోతేనే మళ్లీ బాగా చిగురిస్తుంది. మన మైదానాల్లో అంత చలి లేదు. పైగా చారల హోస్టా విత్తనం నుంచి సాధారణంగా చారల మొక్క రాదు. కాబట్టి రంగుల హోస్టా విత్తనాలంటూ ఎవరైనా అమ్మజూపితే డబ్బు చేతిలోనే ఉంచుకోండి.

ముందు గిరాకీ, తర్వాతే మొక్క

ఇది వరి కాదు, మిగిలితే వండుకు తినడానికి. అమ్ముడుపోని మొక్క కూడా రోజూ నీళ్లు అడుగుతుంది. అందుకే ముందు దగ్గరి పట్నంలో రెండు మూడు నర్సరీలు తిరగండి. ఏ రకం అడుగుతున్నారు, ఏ సైజు సంచి కావాలి, ఏ నెలల్లో కొంటారు అని కనుక్కోండి. తర్వాత రెండు మూడు రకాల్లో యాభై తల్లి మొక్కలతో మొదలుపెట్టండి. సంచి, మట్టి, ఎరువు, కూలి, రవాణా, చచ్చిన మొక్కలు అన్నీ లెక్క రాయండి. ఏడాది తిరిగాక ఆ లెక్కలో మిగులు కనిపిస్తేనే ఇంకో రెండు సెంట్లకు పెంచండి. అప్పు తెచ్చి ఒకేసారి వేల మొక్కలు దించడం మంచిది కాదు. తల్లి కుదుళ్లు మీ దగ్గర ఉంటే మొక్కలు వాటంతటవే పెరుగుతాయి. తొందరపడితే పెరిగేది వడ్డీ మాత్రమే.