తెల్లనేల - వేగపు వెర్రి

శ్రీరాంపూర్ పరిసరాలలో పెరిగినవానిని నేల రంగేమిటని అడిగితే తడుముకోకుండా నలుపని చెప్తాడు. లారీ వెనుక లేచే దుమ్ము నలుపు, షిఫ్టు దిగి ఇల్లు చేరే మనిషి చొక్కా నలుపు, వాన వెలిసిన తరువాత బాటప్రక్క నిలిచిన నీరు కూడ నలుపే. గోదావరి లోయలో కోట్లాది సంవత్సరాల క్రిందట మడుగులలో మగ్గిపోయిన అడవులు విడిచిపోయిన ఆస్తి అది. అటువంటివానిని తీసుకొనిపోయి అమెరికాలోని యూటా రాష్ట్రంలో బాన్నెవిల్ మైదానం నడుమ నిలువబెట్టినట్లయితే, మొదట చేసే పని కండ్లు మూసుకొనడం. కనుచూపుమేర తెలుపు తప్ప వేరొక వన్నె లేదు. చెట్టు లేదు, పుట్ట లేదు, గడ్డిపరక లేదు. అది మంచు కాదు, ఇసుక కాదు, వట్టి ఉప్పు.

ఇదియు నీరు పెట్టిపోయిన ఆస్తియే. పూర్వం అక్కడ ఒక మహాసరస్సు ఉండేది. పదునాలుగు పదునైదువేల ఏండ్ల క్రిందటినుంచి అది తగ్గుతూ, ఎండుతూ వచ్చి, చివరకు అడుగున ఉప్పును మిగిల్చింది. నేటికిని ఏటేట చలికాలంలో ఆ మైదానం మీద పలుచగా నీరు నిలుస్తుంది. ఎండకాలం వచ్చేసరికి ఆ నీరు ఆవిరియై పోతూ, గాలి తాకిడికి ఉప్పును అద్దంవలె చదును చేసి పోతుంది. ఆ చదునులో కొంచెం చెమ్మ ఉంటుంది. అది పరుగులో కాగే టైర్లను చల్లబరుస్తుంది. మనిషి ఎంత ఖర్చు పెట్టినా వేయలేని రోడ్డును ప్రకృతి ప్రతి సంవత్సరం ఉచితంగా వేసి ఇస్తున్నది.

ఈ సంగతిని మోటారు వెర్రివాండ్లు చాల కాలం క్రిందటనే కనిపెట్టినారు. 1914లోనే టెడ్డీ టెట్జ్‌లాఫ్ అనే అతడు ఇక్కడ గంటకు 142 మైళ్ళకు మించి కారు నడిపినాడు. 1935లో ఇంగ్లండునుంచి సర్ మాల్కం కాంబెల్ వచ్చి 301 మైళ్ళు దాటినాడు. 1947లో జాన్ కాబ్ 394 మైళ్ళకు చేరినాడు. 1970లో గ్యారీ గ్యాబెలిచ్ రాకెట్టు బండితో 622 మైళ్ళు, అనగా వేయి కిలోమీటర్లు దాటినాడు. ఇవన్నీ పత్రికలకెక్కిన ఘనకార్యాలు; వాటి వెనుక కంపెనీలు, దొరలు, ధనం ఉన్నవి. కాని బాన్నెవిల్ అసలు కథ వీరిది కాదు.

అసలు కథ ఏటేట ఆగస్టు మాసంలో జరిగే వేగవారానిది. దక్షిణ కాలిఫోర్నియాలోని కుర్రకారు 1937లో టైమింగ్ అసోసియేషన్ అనే సంఘాన్ని పెట్టుకొని, ఎండిన చెరువులలో పాత కార్లను పరుగెత్తించుకొనేవారు. వారికి ప్రియమైన మ్యూరాక్ చెరువును సైన్యం విమానాలకై తీసుకొన్నది. నేల పోయినవాండ్లు కొత్త నేల వెదకుకొంటూ 1949లో బాన్నెవిల్‌కు చేరినారు. నాటినుంచి ఆ పందెం నడుస్తున్నది. పందెమంటే ప్రక్కప్రక్కన పరుగెత్తే పోటీ కాదు. ఒక్కొక్క బండి ఒంటరిగా, గడియారంతో పోరాడుతుంది. గెలిచినవానికి దక్కే ధనం సున్న. రెండువందల మైళ్ళు దాటి రికార్డు పెట్టినవానికి ఒక ఎర్ర టోపీ దక్కుతుంది. దానికోసం ఇల్లు తాకట్టుపెట్టినా తప్పులేదనుకొనేవాండ్లు అక్కడ కోకొల్లలు!

బండి ఒక్కడిదే ఐనా పరుగు ఒక్కడివల్ల అయ్యేది కాదు. పెద్ద గేరుతో కట్టిన బండ్లు చాలవరకు తమంతట తాము కదలవు. వెనుకనుంచి స్నేహితుని ట్రక్కు నెట్టవలె. ఇంకొకడు వేగం తగ్గించే గొడుగుగుడ్డను మడతలు చెదరకుండా మడిచిపెట్టవలె. మరొకడు దూరపు కొసన కాచుకొని ఉండి, ఆగిన బండిని వెనుకకు లాగుకొని రావలె. వీరెవరికీ జీతం లేదు. ఉన్న సెలవులు పెట్టుకొని, కుంపటివంటి ఎండలో వారంరోజులు గడుపుతారు. పాత రికార్డును మించిన బండిని ఆ రాత్రికి ఒక ఆవరణలో ఉంచుతారు. మరమ్మతుకు నాలుగు గంటల గడువు. ఆపైన ఎవరూ చేయి వేయరాదు. తెల్లవారి తిరిగి పరుగెత్తితే రెండింటి సగటును లెక్క కడతారు. ఒక్క పరుగులో మెరసి మాయమయ్యేవానికి అక్కడ గౌరవం లేదు.

వారు తెచ్చే బండ్లు చూడవలె. యుద్ధం ముగిసిన కొత్తలో బిల్ బర్క్ అనే అతడు యుద్ధవిమానాలు ఆకాశంలో జారవిడిచే పెట్రోలు పీపాను కొని, దానికి చక్రాలు తొడిగి, అందులో కూర్చున్నాడు. గాలిని చీల్చుటకు అంతకుమించిన ఆకారం ఆనాడు మరొకటి చౌకగా దొరకలేదు. చంపుటకు పుట్టిన వస్తువు ఆటవస్తువైన ఉదాహరణలు లోకంలో తక్కువ. ఇది అందులో ఒకటి.

చూడవచ్చినవానికి సుఖం తక్కువ. గద్దెలు లేవు, పందిళ్ళు లేవు. ఎవరి నీడ వారే తెచ్చుకోవలె. ఎండ పైనుంచి కొట్టినది చాలక నేలనుంచి తిరిగి కొడుతుంది. గడ్డం క్రింద, ముక్కు క్రింద చర్మం కమలిపోతుంది. ప్రమాదానికి భయపడి జనాన్ని బాటకు చాల దూరంలో నిలుపుతారు. మొదట దిగంతంలో ఒక చుక్క. ఎండమావిలో అది నేలను తాకకుండ తేలుతున్నట్లుంటుంది. అది ఎదుటికి వచ్చి, దాటి, పోయిన తరువాత చప్పుడు వస్తుంది. రేడియోలో అంకె వినిపిస్తుంది. అంతే. కొన్ని క్షణాల ఈ దృశ్యానికై వేలమైళ్ళు వచ్చినవాండ్లు, అంకె విని, ఒకరినొకరు కౌగిలించుకొంటారు. లేదా మాట్లాడక నీళ్ళు త్రాగుతారు.

ఈ తిరునాళ్ళకు వచ్చినవారిలో బర్ట్ మన్రో వంటివాడు మరొకడు లేడు. ఇతడు న్యూజిలాండు దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ ఊరివాడు, పుట్టినది 1899లో. 1920లో ఇండియన్ కంపెనీవారి స్కౌట్ మోటారుసైకిలు కొన్నాడు. (పేరు చూచి మనదని మురియవద్దు, అది మసాచుసెట్స్ సరుకు.) కొన్నప్పుడు దాని వేగం గంటకు 55 మైళ్ళు. తరువాత నలుబది ఏండ్లకు పైగా అతడు దానినే చెక్కుతూ కూర్చున్నాడు. ఉన్నదొక కొట్టం, పడక కూడ అందులోనే. ముషలకాలను తానే పోతపోసుకొన్నాడు. ట్రాక్టరు ఇరుసునుంచి కడ్డీలను అరగదీసుకొన్నాడు. పగిలిపోయిన భాగాలనన్నింటిని ఒక అలమారలో పేర్చి, వేగదేవునికి నైవేద్యాలని వాటిపై వ్రాసుకొన్నాడు. మన కమ్మరి కొలిమివద్ద కొడవలికి పదును పెట్టించుకొన్న రైతుకు ఈ మనిషి తెలియనివాడు కాడు.

1962లో, అరువదిమూడవ ఏట, ఆ పాతబండిని సముద్రం దాటించి బాన్నెవిల్‌లో పరుగెత్తించినాడు. 1967లో, అరువది ఎనిమిదవ ఏట, వేయి సీసీల లోపు తరగతిలో గంటకు 183 మైళ్ళు దాటి రికార్డు పెట్టినాడు. మంచిర్యాలనుంచి సికిందరాబాదుకు రైలు నాలుగు గంటలదాకా తీసుకొనే దూరం ఆ లెక్కన గంటలోపల ముగుస్తుంది. 1978లో అతడు చనిపోయినాడు. 2014లో కుమారుడు పాత లెక్కలో తప్పును పట్టుకొనగా, సరిచేసిన అంకె 184 మైళ్ళు దాటినది. పోయిన ముప్పదియారేండ్లకు మనిషి మరికొంత వేగం పుంజుకొన్నాడన్నమాట!

భారతదేశపు సరుకు అక్కడికి పోలేదా అంటే, పోయినది. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డు వారి 650 సీసీ బండిని పదునెనిమిదేండ్ల అమెరికన్ యువతి కేలా రివాస్ అదే ఉప్పు మీద 157 మైళ్ళ వేగంతో నడిపింది. శ్రీరాంపూర్ బజారులో డుబ్బుడుబ్బుమంటూ పోయే బుల్లెట్టుకు ఆ బండి తోబుట్టువు.

మనకు ఉప్పునేల లేకపోలేదు. కచ్ రణం ఉన్నది. కాని అక్కడ ఈ ఆట వేళ్ళూనలేదు. మనవాండ్లకు దొరికిన చదునునేల వేరు. మద్రాసుకు ఉత్తరంగా, నెల్లూరు బాటలో షోలవరం వద్ద యుద్ధకాలపు విమానపు బాట ఒకటి పాడుపడి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అక్కడ పందేలు పెట్టినారు. ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు తయారయ్యేవరకు అదే వారి మైదానం. కోయంబత్తూరులోని తెలుగు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ ఆ తరపువాడే. మారుతి ఇంజనుతో చౌకలో పందెపుకారు తయారుచేసి, డబ్బులేని కుర్రవాండ్లకు కూడ ఆటలో చోటు కల్పించినాడు. 1995లో విమానప్రమాదంలో అకాలంగా పోయినాడు.

ఇక బాన్నెవిల్ సంగతి. ఆ నేల చిక్కిపోతున్నది. ఒకప్పుడు పదిమైళ్ళకు మించి బాట దొరికిన చోట ఇప్పుడు అంత దొరకడం కష్టమైనది. ఉన్న ఉప్పు కూడ పలుచబడి, కొన్నిచోట్ల క్రింది బురద బయటపడుతున్నది. 2014, 2015 సంవత్సరాలలో వరుసగా వేగవారాన్ని రద్దుచేయవలసి వచ్చినది. 2022లో నీరు నిలిచి మరల ఆగిపోయినది. మొదటి ప్రపంచయుద్ధకాలంనుంచి ఆ ప్రాంతంలో పొటాషు తీస్తున్నారు. ఉప్పునీటిని కాలువల ద్వారా తోడుకొనిపోవడమే క్షయానికి మూలమని పందెగాండ్లు మొత్తుకొన్నారు. 1997నుంచి ఉప్పునీటిని తిరిగి మైదానం మీదికి పారించే ఏర్పాటు మొదలైనది. తోడిన దానికి పోసినది సరిపోతున్నదా, వాతావరణపు మార్పు వంతు ఎంత అన్నదానిపై శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం లేదు. తవ్వినకొద్దీ తరగకుండా ఉండే నేల ఉండదన్న సంగతి బొగ్గుబాయి మీద బ్రతికే ఊరికి ఒకరు చెప్పనవసరంలేదు. ఐతే శ్రీరాంపూర్‌లో తీసిన బొగ్గు ఎక్కడో దీపమై వెలుగుతున్నది. అక్కడి పొటాషు ఏదో పొలంలో ఎరువై పంటకు పోతున్నది. ఆటకోసం దానిని ఆపుమని అడగడం న్యాయమేనా అన్న ప్రశ్నకు పందెగాండ్లవద్ద జవాబు లేకపోలేదు: ఉప్పు పోయిన తరువాత పొటాషువారు ఇంకొక చోటికి పోగలరు, తమకు ఇంకొక బాన్నెవిల్ లేదంటారు.

వేగవారం ముగిసిన సాయంకాలం దగ్గరి వెండోవర్ ఊరిలో బండ్లు కడుగుతారు. ఉప్పు ఉన్నచోట ఇనుము బ్రతకదు. చక్రాల సందులనుంచి, ట్రక్కుల అడుగుభాగాలనుంచి, చెప్పులనుంచి ఉప్పు కరిగి తెల్లని నీరై మురుగుకాలువలలోకి పారుతుంది. వచ్చిన ప్రతివాడూ ఆ మైదానంనుంచి ఇంత ఉప్పు మోసుకొనే పోతున్నాడు.