గాడిలోని గానం.. గుండెకెందుకు దగ్గర?

పాత రికార్డుల కమ్మదనం వెనుక శాస్త్రం
నకలు తీయకుంటే మిగిలేది మౌనమే

ముల్లు గాడిలో దిగగానే సన్నని చిటపటలు.. ఆ వెంటనే గుక్క తిప్పుకోని రాగాలాపన. పౌరాణిక నాటకాలంటే ప్రాణమిచ్చిన కోస్తా పల్లెలలో ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలను ఈ చిటపటల నడుమనే విన్న తరం ఇంకా ఉంది. అవే పద్యాలు నేడు చేతి ఫోనులో ఏ చప్పుడూ లేకుండా వినిపిస్తున్నాయి. అయినా ‘ఆ ప్లేటులోని కమ్మదనం ఇందులో లేదు’ అన్న మాట పెద్దల నోట తరచు వస్తూనే ఉంటుంది. ఇది జ్ఞాపకాల మహిమా? ధ్వనిలోనే తేడా ఉన్నదా? రెండింటిలోనూ కొంత నిజమున్నది. ఈ వాదన మాటున మరుగున పడుతున్న ప్రశ్న మరొకటి ఉన్నది. అటకలపై మిగిలిన ఆ స్వరాలు ఇంకెంతకాలం నిలుస్తాయన్నదే అది.

గాలి అలకు గాడి నకలు

ధ్వని అంటే గాలి ఒత్తిడిలో కలిగే హెచ్చుతగ్గులు. ఆ అలను అదే ఆకృతిలో మరో పదార్థంపై నిలపడమే అనలాగ్ పద్ధతి. రికార్డుపై అది మెలికలు తిరిగిన గాడి అవుతుంది. టేపుపై అయస్కాంత శక్తిలో హెచ్చుతగ్గులుగా ఉంటుంది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌ను, 1887లో ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్‌ను రూపొందించారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తదితరుల పాటలను ముద్రించడంతో మన దేశంలో రికార్డుల వ్యాపారం వేళ్లూనుకుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుపై ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాల గానమే పట్టేది. రంగస్థలంపై వన్స్‌మోర్‌ల మధ్య ఎంతసేపైనా సాగే రాగాన్ని గాయకులు ఆ కొద్ది వ్యవధికి కుదించుకోవలసి వచ్చేది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ఎల్‌పీ రికార్డును ప్రవేశపెట్టింది. వినైల్ ప్లాస్టిక్‌తో చేసిన దీనిపై ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా ముద్రించే వీలు కలిగింది. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గళంలో వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్‌పీగానే వెలువడింది.

చుక్కలు వేరైనా ముగ్గు ఒక్కటే

డిజిటల్ పద్ధతిలో అలను అంకెలుగా మారుస్తారు. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీలో సెకను ధ్వనిని 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతకూ 65,536 స్థాయిలలో ఒక దానిని కేటాయిస్తారు. ఈ కొలతల మధ్యనున్న సంగీతం జారిపోతుందని, అందువల్లనే సీడీ పాటలో జీవం ఉండదని పలువురి నమ్మకం. ఇది సరికాదు. చుక్కల ముగ్గులో చుక్కలు విడివిడిగానే ఉంటాయి. నియమం తెలిసిన చేయి వాటిని తెగని గీతగా మలుస్తుంది. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వని వినిపించదు. అందుకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలిస్తే అసలు అలను తిరిగి గీయవచ్చని గణితశాస్త్రం రుజువు చేసింది. అతి మెల్లని ధ్వనికీ, అతి పెద్ద ధ్వనికీ మధ్య సీడీలో దాదాపు 96 డెసిబెల్‌ల అంతరం సాధ్యం. ఎల్‌పీలో అది సాధారణంగా 70 డెసిబెల్‌లు దాటదు. కొలతల లెక్కలో చూస్తే పైచేయి డిజిటల్‌దే.

మరి కమ్మదనం ఎక్కడిది?

అనలాగ్ పరికరాలు విన్నది విన్నట్లు అప్పగించవు. తమ వంతుగా కొంత కలుపుతాయి. వాల్వు సెట్లు మూలస్వరానికి ప్రధానంగా రెట్టింపు కంపనాన్ని, టేపు మూడు రెట్ల కంపనాన్ని జోడిస్తాయి. షడ్జమానికి రెట్టింపు పై షడ్జమం, మూడు రెట్లు ఆ పై పంచమం. తంబురా శ్రుతిలో కలిసి పలికేవీ ఈ స్వరాలే. సాంకేతికంగా ఇది లోపమే అయినా, శ్రుతిలో కలిసిన లోపం గనుక చెవికి నిండుగా తోస్తుంది.

మరో కారణం ముద్రణలో ఉంది. 1990ల నుంచి, పోటీలో తమ పాటే బిగ్గరగా వినిపించాలన్న తాపత్రయంతో సంస్థలు సీడీలలో మెల్లని ధ్వనులను సైతం పైకి లేపసాగాయి. హెచ్చుతగ్గులు నశించి వినేవారికి అలసట మిగిలింది. ఎల్‌పీలో అంత మోత నింపితే ముల్లు గాడి తప్పుతుంది గనుక అక్కడ సంయమనం తప్పనిసరి అయింది. పైగా డిజిటల్ పాట పేరిట చాలామంది విన్నది నాసిరకం ఎంపీ3. 128 కిలోబిట్‌ల ఎంపీ3లో ఉండే సమాచారం సీడీలోని దానిలో పదకొండవ వంతు మాత్రమే.

వినే తీరు కూడా మారింది. రికార్డు పెట్టిన మనిషి ఆ వైపు ముగిసేదాకా కూర్చుని వినేవాడు. నేడు పల్లవి పూర్తికాకముందే వేలు మరో పాటపైకి జరుగుతోంది. అందుకేనేమో, ఈ ఆకర్షణ పెద్దలకే పరిమితం కాలేదు. అమెరికాలో 1987 తరువాత తొలిసారిగా 2022లో సీడీల కంటె వినైల్ రికార్డులే ఎక్కువగా అమ్ముడయ్యాయి. ఆ ఏడాది రికార్డులు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు.

ఒక్క నకలే ఉన్న గొంతులు

పేరొందిన సినిమా పాటకు వేల నకళ్లున్నాయి. దానికి వచ్చిన ముప్పేమీ లేదు. శ్రీరామనవమి పందిరిలో చెప్పిన హరికథ, ఊరి దళం పాడిన బుర్రకథ, తాతగారి పద్యం, నాయనమ్మ పాడిన మంగళహారతి.. ఇంటి టేప్‌రికార్డరులో పట్టిన ఇటువంటి వాటికి ఆ ఒక్క క్యాసెట్టే ఆధారం. తీరప్రాంతపు తేమకు టేపుపై బూజు చేరుతుంది. వినిపించే యంత్రాలు మూలనపడ్డాయి. వాటిని బాగుచేసే చేతులూ తగ్గిపోతున్నాయి. పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఈ పెట్టెలు పాత సామాన్ల బండిపైకి చేరితే ఆ గొంతు తిరిగి రాదు. కమ్మదనం అనలాగ్‌దే అనుకున్నా, దానిని రేపటి తరానికి అందించగలిగేది డిజిటల్ నకలే. అంకెల నకలును ఎన్నిసార్లు తీసినా అరుగుదల ఉండదు.

భద్రపరచడం ఇలా..

* రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చరాదు. ఎండ తగలని చోట నిలువుగా ఉంచాలి.
* లక్క రికార్డులను స్పిరిట్‌తో తుడవరాదు. లక్క అందులో కరిగిపోతుంది.
* ఎల్‌పీ ముల్లుతో 78 రికార్డులను వినరాదు. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 25 మైక్రాన్లు, 78 గాడికి కావలసినది సుమారు 75 మైక్రాన్లు.
* క్యాసెట్టు వెనుక అంచున ఉండే రెండు చిన్న పలకలను విరిస్తే పొరపాటున చెరిగిపోయే ప్రమాదం ఉండదు. స్పీకర్ల అయస్కాంతాలకు దూరంగా ఉంచాలి.
* బూజు పట్టిన టేపును యంత్రంలో పెట్టరాదు. ముందుగా నిపుణులతో శుభ్రం చేయించాలి.
* నకలును ఎంపీ3గా కాక వేవ్ ఫైలుగా తీయాలి. 24 బిట్లు, కనీసం 48 కిలోహెర్ట్జ్ ఉండాలని అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం సూచిస్తోంది.
* నకళ్లను రెండు వేర్వేరు చోట్ల దాచాలి. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచాలి.
* నకలు తీశాక కూడా అసలును పారవేయరాదు. ముందుముందు మెరుగైన పరికరాలు వస్తే మరింత స్వచ్ఛంగా తీసుకునే వీలుంటుంది.

ఆ గొంతు ఎవరిదో, ఏ సందర్భంలో పాడినదో గుర్తుపట్టి చెప్పగల పెద్దలు ఇంట్లో ఉండగానే ఈ పని పూర్తిచేయడం మేలు.