57 ఓ/6 షీటులో మన నీళ్ళు

జాగ్రఫీ ప్రాక్టికల్స్‌లో మొదటిసారి సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటును బల్లమీద పరిచినప్పుడు అందరిలాగే నేనూ ముందు మా ఊరిని వెదుక్కొన్నాను. ఆ తర్వాత నీళ్ళకోసం చూశాను. పాత నంబరింగు ప్రకారం అది 57 ఓ/6. తిరుమల, తిరుపతి రెండూ అందులోనే ఉన్నాయి.

నీలిరంగు తక్కువ, నలుపు ఎక్కువ! నీళ్ళుండే చోట నీలం, ఏడాదిలో ఎక్కువకాలం ఎండివుండే వంకలకు నల్లగీత అని తెలిశాక ఆశ్చర్యం పోయింది. మన సీమ కథంతా ఆ రెండు సిరాల్లోనే ఉన్నది.

ఈ కొలతల పరంపర మనకు దూరంది కాదు. 1802లో లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్ కొలిచి మొదలుపెట్టినదే.

షీటుపై 1 సెంటీమీటరు నేలమీద 500 మీటర్లు. గోధుమరంగు కాంటూరు గీతలు 20 మీటర్ల ఎత్తుకొకటి. ఆ గీత లోయను దాటేటప్పుడు వంగి, మొన ఎగువకు తిరుగుతుంది, వంక అక్కడే. స్వర్ణముఖి ఉపనది కల్యాణిపై 1977లో కట్టిన డ్యామువంటి దానికి నీటినిల్వ అంచనా కావాలంటే, కట్ట వెనుక ఒక్కో కాంటూరు చుట్టిన వైశాల్యాన్ని గ్రాఫు కాగితంపై లెక్కించాలి. చదరపు సెంటీమీటరుకు 25 హెక్టార్లు. పక్కపక్క రెండు వైశాల్యాల సగటును ఎత్తుతేడాతో గుణిస్తే ఆ పొరలో పట్టే నీరెంతో తేలుతుంది. అంతే, బ్రహ్మవిద్యేమీ కాదు.

కానీ మన చెరువుల దగ్గర ఈ లెక్క కుదరదు. నాలుగైదు మీటర్ల లోతు చెరువు 20 మీటర్ల కాంటూరు సందులో దాక్కుంటుంది. అందుకే కట్ట పక్కన దాని ఎత్తును అంకెతో వేస్తారు. మొరవ నుండి దిగువ చెరువుకు పోయే సన్నగీతను మాత్రం వేలుపెట్టి వెదకాల్సిందే.

ఆ సన్నగీత విలువ 2021 నవంబరు వానలకు తెలిసింది. రాయలచెరువు కట్ట లీకై దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. తిరుపతి వీధులు ఏరులైనాయి. మా పిన్నమ్మ వాళ్ళింట్లో మోకాలిలోతు నీళ్ళు. ప్లాట్లు అమ్మినాయన "ఇది మెట్టనేల" అన్నాడట. పాత షీటు తీసి చూస్తే సరిగ్గా వాళ్ళ వీధిగుండా ఒక నల్లగీత!

జిరాక్సు తీసి చూపించాను. పిన్నమ్మ చాలాసేపు చూసి, "కొనకముందు చూపించాల్సింది గదా నాయనా" అన్నది.